ఎవరి చెవి మోత పెద్దది?

“మోగుతాందానే?” అని అడిగాడు మా ఆయన, దవాఖాన మంచం మీది నుంచి.

“మోగుతాంది,” అన్నాను.

“జర ఆగు. ఇంటికి పోయినంక మగ్గం తొక్కుత.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆ మగ్గం మాట వెనక ఒక నవ్వులాట ఉంది. నేను చెబుతుంటే మా తమ్ముని బిడ్డ రాస్తోంది. (నాకు సంతకం వరకే వచ్చు.)

తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకింకా ముప్పై నిండని ఆ రోజుల్లో, మొగుడు నా మాట నమ్మాలంటే డాక్టరు చేత చెప్పించాలనుకునేంత తెలివి ఉండేది నాకు. కట్టంగూరుకు ఇవతల మాది నేతగాళ్ళ వాడ. ఒకే గదిలో రెండు గుంట మగ్గాలు, పొద్దంతా టకాటకా. పెళ్ళైన కొన్నేళ్ళకు ఇద్దరి చెవుల్లోనూ మోత మొదలైంది. మగ్గం ఆగినా అది ఆగదు. ఆయన మాత్రం హాయిగా తిని పడుకునేవాడు. నాకేమో ఎవరో కుక్కర్ పెట్టి దించడం మరిచిపోయినట్టుండేది. అన్నం సహించదు, పోగు తెగితే కంటికి ఆనదు. “నాకు లేదా మోత? నేను నేస్తలేనా? నీయన్నీ పని తప్పించుకునే యేషాలు,” అనేవాడు. మా అత్త ఇంకో ఆకు ఎక్కువే చదివింది: “మా కాలంల చెవులు మోగలే, చేతులే మోగినయ్!”

హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో, చెవి మోత ఉన్న నేతగాళ్ళకు మెదడు పరీక్ష ఊరికే చేస్తున్నారని విని ఆయన్ను బస్సెక్కించాను. నా మోతే పెద్దదని డాక్టరమ్మ చేత అనిపించి, ఈయన నోరు మూయించాలి. నా పంతమల్లా అదే. (జరీ అంచు చీర కూడా కట్టాను. చూసేది తల లోపల అని తెలిసి కూడా.)

ముందు చెవుల్లో రకరకాల చప్పుళ్ళు పెట్టి, “నీ మోత ఇంతుంటదా?” అని అడిగి కొలిచారు. తర్వాత తలకు వైర్ల టోపీ తొడిగి, కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోమన్నారు. నేను బొమ్మలా కూర్చున్నాను. ఆయన వంతు వచ్చేసరికి పరీక్ష చేసే పిల్ల రెండుసార్లు మిషన్ ఆపింది.

“అన్నా, కాళ్ళు ఆడియ్యకు. గీతలన్నీ ఖరాబైతున్నయ్.”

“ఆడిస్తలేనమ్మా, నేస్తున్న. చెవుల మగ్గం నడుస్తాంది గద. ఊకె ఎట్ల కూసుంట?”

అప్పుడు తెలిసింది ఆయన గుట్టు. నన్ను తినేసే మోతను ఆయన పనిలో పెట్టుకున్నాడు.

మా ఆయన యేషాలంటాడని డాక్టరమ్మకు ముందే చెప్పి ఉంచాను. ఆమె కాగితాలు చూసి, “ఇద్దరి మోత దాదాపు ఒక్కటే. నీదే జర చిన్నదమ్మా,” అంది. నా జరీ అంచు అక్కడికక్కడే వెలిసిపోయింది. ఆయన తొడ చరిచాడు. “ఇన్నవా? నీది చిన్నదట!”

“నవ్వకయ్యా,” అంది ఆమె. “మోత చిన్నదే, బాధ పెద్దది. నీ మెదడు దాన్ని పక్కకు పెట్టింది. ఆమె మెదడు కాపలా కూసున్నట్టు దాన్నే వింటాంది. మాకు తెలిసింది ఇంతే. కానీ యేషాలు మాత్రం కావు.” పడుకునేటప్పుడు పక్కన ఏదైనా మెత్తని చప్పుడు ఉండనివ్వమని నాకు చెప్పింది.

గెలిచానో ఓడానో బస్సు దిగేదాకా నాకు తేలలేదు. నార్కట్‌పల్లి దాటినా ఆయన కాళ్ళు సీటు కింద ఆడుతూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం నడుం వాల్చానో లేదో, మగ్గం చప్పుడు. లేచి చూస్తే ఆయన గుంటలో కూర్చుని తొక్కుతున్నాడు. నేసిన చీర మొన్ననే మగ్గం మీది నుంచి కోసి దించాం, కొత్త పోగు ఇంకా ఎక్కించలేదు.

“ఖాళీ మగ్గం ఏం నేస్తున్నవయ్యా?”

“మెత్తని చప్పుడు జేస్తున్న. నువ్వు పండు, నిద్ర పడతది.”

“ఫ్యానేసుకుంటే అయిపోతది గద?”

“నీ సంగతి ఫ్యానుకేం ఎరుక?”

“నా కొడుక్కు పిచ్చి లేసింది, పోగు లేని మగ్గం నేస్తాండు!” అని మా అత్త వాడంతా చాటింది. వాడంతా నవ్వింది. నేనూ నవ్వుతూనే నిద్రపోయాను. ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర.

అప్పటి నుంచి ఆయన ఉన్నన్నాళ్ళూ, పోగు ఉన్నా లేకపోయినా, నేను నడుం వాల్చే వేళకు ఆ మగ్గం ఆడింది. మోత పెద్దదని గెలవడానికి జరీ చీర కట్టుకుపోయిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మోత ఇంకా ఉంది. ఈ మధ్య అది వినబడితే నా కాళ్ళు కూడా వాటంతటవే ఆడుతున్నాయి.

ఇగ చాలు బిడ్డా. మొదటి నుంచి జర గట్టిగ చదివి ఇనిపియ్యి. మీ మామ ‘మోగుతాందానే?’ అని అడిగినకాడ మాత్రం తొందర పడకు.