పాసిర్ రిస్‌లో తిత్తి

రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లను సరిచేసే వైటూకే పనికని సింగపూర్ వచ్చిన అప్పలస్వామికి కళాసేవ అన్న మాటంటేనే చిరాకు. వీధి భాగోతాల్లో శ్రుతి కోసం మేకతోలు తిత్తి ఊదీ ఊదీ తండ్రి సంపాదించింది దగ్గొక్కటే. ఆయన పోయాక, ఆ శ్రుతికి పాడే ఇతను పాడటం మానేశాడు.

ఓ ఆదివారం పాసిర్ రిస్ బీచిలో, జర్మనీ నుంచి వచ్చిన సహోద్యోగి మార్కో, అక్కడ సోర్బులనే తన చిన్న జాతి జనం పెళ్లిళ్లలో మోగే మేకతోలు వాద్యాన్ని చంకలో నొక్కి వాయించాడు. పాట కింద ఎడతెగని ఒకే స్వరం.

“ఇదేటండీ, మావయ్యగారి తిత్తి ఇక్కడికెలా వచ్చేసింది!” అంది భార్య పైడితల్లి.

“పాట వదిలెయ్. ఆ కింది స్వరం ఒక్కటే మోగించు,” అని మార్కోని అడిగాడు అప్పలస్వామి. అతను మోగించాడు. అప్పలస్వామి తండ్రి మెచ్చే భాగోతం పాట, ఓ దరువు, ఎత్తుకున్నాడు. చరణం అవగానే మార్కో చప్పట్లు కొట్టడంతో శ్రుతి తెగిపోయింది.

“ఆపకు! చరణానికీ చరణానికీ మధ్య నాన్న ఎన్నడూ ఆపలేదు.”

మార్కో మళ్లీ నొక్కాడు. అప్పలస్వామి రెండో చరణం అందుకోలేదు. కళ్లు మూసుకుని వింటూ నిలబడ్డాడు.