ఎలుమలై సారు చొక్కాల ఆట

ఎలుమలై సారు కూర్చోగా చూసినవారు తిరువళ్ళూరులో లేరు. తిరుత్తణి నుంచి వచ్చే రైల్లో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడతాడు. కాలేజీలో వ్యాపార వ్యూహం చెబుతూ, పెన్ను మూత తీస్తూ పెడుతూ బల్లల మధ్య తిరుగుతాడు. ఆ పాఠాన్ని ఆయన కంప్యూటర్ ఆటగా మార్చాడు. విద్యార్థులు రెండు జట్లుగా, గోకుల్ ఒకదానికీ ప్రియదర్శిని ఇంకోదానికీ పెద్దలుగా, రెండు చొక్కాల కంపెనీలు నడపాలి. మూడోదాన్ని కంప్యూటరే నడుపుతుంది. ఇవాళ ఆట చూడ్డానికి ప్రిన్సిపాల్ వచ్చి కూర్చున్నారు. ఆయనకు నచ్చకపోతే ఆట రద్దు, మళ్ళీ నోట్సు చెప్పి రాయించడమే.

“ధర తగ్గించు గోకుల్! ప్రియదర్శిని కస్టమర్లంతా నీ దగ్గరికొస్తారు!” అన్నాడు ఎలుమలై, మూత పీకుతూ.

“అది మా మామ కూతురు సార్. దాని కంపెనీని ముంచేసి వాళ్ళింటికి ఏ మొగం పెట్టుకోని పోయేది?”

“నువ్వయినా తగ్గించమ్మా!”

“బావే తగ్గించలేదు కదా సార్,” అంది ప్రియదర్శిని.

ధర తగ్గించింది కంప్యూటర్ ఒక్కటే. మిగతా రెండు కంపెనీలూ పరస్పర మర్యాదతో, పరువుగా దివాలా తీశాయి.

“కడాకు గెలిచిందెవురయ్యా?” అని అడిగారు ప్రిన్సిపాల్.

ఎలుమలై చేతిలోంచి మూత జారింది. “కంప్యూటర్ సార్. దానికి చుట్టాలు లేరు.”

ప్రిన్సిపాల్ గంభీరంగా ఆలోచించారు. “అట్లయితే వచ్చే వారం దానికీ ఒక బావను పెట్టి చూడు.”

ఎలుమలై సారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ బావ ధర ఎంత పెడతాడన్న ఆలోచన రాగానే లేచి, మళ్ళీ నడక మొదలుపెట్టాడు.