జుయ్‌మనని పంపు

చిన్న ముచ్చట. చాయ్ చల్లారకముందే చెప్పేస్త. నా పాత బండికి ఫ్యూయల్ పంపు కొన్న కథ ఇది. అసలు చెడిపోయిందేదో తేలేసరికి నాలుగు రోజులు పట్టింది, చూడండి!

పంపు కంటే ముందు రాజేశం మామ చెయ్యి గురించి చెప్పాలె. మా బట్టల కార్ఖానాలో సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, బాగుచేసే మేస్త్రీ ఆయన. నలభై సాంచాలు ఒక్కసారి నడుస్తుంటే పక్కోడు అరిచినా వినపడదు. అందుకే మామ చెవులను ఎన్నడో పక్కన పెట్టిండు. సాంచ మీద అరచెయ్యి ఆనిస్తడు, కండ్లు మూస్తడు, ఏ బోల్టు వదులైందో చెప్తడు. నేను మా నిజాంపురా బస్తీలో అందరికీ వంక పెట్టినోన్ని. ఆ చేతికి మాత్రం ఇప్పటిదాక వంక దొరకలే. ఆయన బండికైతే వంక పెడుత. నా బండి అసొంటిదే ఆయనకూ ఉన్నది. దాని పంపు కాలిపోయింది. కొత్తదాని రేటు అడిగొచ్చి, "నడక ఒంటికి మంచిది" అన్నడు. పోయిన గణపతి పండుగ నుంచి అది గోడకు ఆని ఉన్నది.

ఇగ ముచ్చటకొస్త. సోమవారం పొద్దున నా బండి స్టార్ట్ కాలే. సెల్ఫ్ కొడితే తిరుగుతున్నది గని అందుకుంటలేదు. ఈ బండికి పంపు ట్యాంకు లోపల ఉంటది. తాళం తిప్పంగనే రెండు సెకన్లు జుయ్‌మనాలె. తిప్పిన. సప్పుడు లేదు!

బామ్మర్ది శీనును పిలిచిన. వాడు గుసగుసలు చెప్పినా గల్లీ అంతా వింటది. ట్యాంకుకు చెవి పెట్టి, పెద్ద డాక్టర్ లెక్క ముఖం పెట్టిండు.

"బావా, పంపు ఖతమ్!"

పక్క ఖోలీల ఉండే గంగారాం కూడా వచ్చి చెవి పెట్టిండు. "ఖతమే."

ముగ్గురం కలిపి డెబ్బయి ఏండ్లు సాంచాలు నడిపినోళ్లం. ఇంక అనుమానమేముంటది?

నా భార్య లచ్చవ్వ గడపలో నిలబడి ఏదో అన్నది. రోజూ ఏదో అంటది. తల ఊపిన. తర్వాత దగ్గరికొచ్చి అన్నది మాత్రం మంచిగ వినపడ్డది: "శుక్రవారం కార్ఖానా సుట్టీ నాటికి ఇది నడవకుంటే భంగార్‌వాలాకు ఇచ్చేస్త!"

తుక్కుకా! జిందగీలో నేను సేఠ్ లెక్క కనపడ్డది ఆ బండి కొన్న ఒక్కనాడే.

పాత పంపు విప్పి దుకాణానికి పట్టుకపోయిన. దుకాణం సేఠ్, "బ్యాటరీకి పెట్టి చూడాల్నా?" అని హిందీలో అడిగిండు. "అక్కరలేదు, ముగ్గురం చూసినం" అన్న. కంపెనీ సెట్టు, బయటి చవక మోటారు, పాత బండిలోంచి తీసినది, మూడూ ముందల పెట్టిండు. నూలు కౌంట్ చూసినట్టు చూసిన. కనెక్టర్‌లో పిన్నులు లెక్కపెట్టిన. రబ్బరు రింగు పక్కపక్కన పెట్టి కొలిచిన. ప్రెజర్ ఎంతో డబ్బా మీద చదివించుకున్న.

"ఇత్నా దేఖ్‌కే తో కోయీ గాడీ భీ నహీ లేతా!" అన్నడు సేఠ్. నిజమే, బండి కొన్నప్పుడు కూడా నేనింత చూడలే. కంపెనీదే కొన్న.

బిగించినం. తాళం తిప్పిన. సప్పుడు లేదు! మళ్ల ముగ్గురం చెవులు పెట్టినం. "డూప్లికేట్!" అన్నడు శీను. వాపస్ ఇయ్యబోతే, బిగించిన మాల్ తీసుకోనన్నడు సేఠ్. వాడు దొంగ అని వచ్చేదారిలో ఆరుగురికి చెప్పిన.

శుక్రవారం పొద్దున భంగార్‌వాలా తోపుడుబండితో వాకిట్ల నిలబడ్డడు. లచ్చవ్వ బేరం మొదలుపెట్టింది. నేను రాజేశం మామ దగ్గరికి ఉరికిన.

మామ వచ్చి ట్యాంకు మీద చెయ్యి ఆనించిండు. "తాళం తిప్పు." తిప్పిన.

"నడుస్తున్నది గదరా."

పాత పంపును బ్యాటరీకి తగిలించి అరచేతిలో పట్టుకున్నడు. "ఇదీ నడుస్తున్నది."

"మరి సప్పుడేది మామా?"

"సప్పుడు ఉన్నది. చెవులే లేవు మనకు. నాకూ లేవు, అందుకే చెయ్యి."

శీను, గంగారాం వేరే దిక్కు చూసిన్రు.

మామ ఆగలే. సైడు మూత విప్పి ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగిండు. నేను బండి పెట్టేది కార్ఖానా కిటికీ కిందనే. ఫిల్టర్‌లో పసిపిల్లల దిండుకు సరిపడ దూది! ఇంజన్‌కు గాలే అందుతలేదు. దులిపి పెట్టిండు. ఒక్క సెల్ఫ్‌కే బండి అందుకున్నది. హ్యాండిల్ వణుకుతుంటే నమ్మిన. ఏం చెయ్యిరా దేవుడా!

లచ్చవ్వ దగ్గరికొచ్చి అన్నది: "పంపు జుయ్‌మంటున్నదని సోమవారమే చెప్పిన గదయ్యా. తల కూడా ఊపినవ్."

భంగార్‌వాలా ఉత్త చేతులతో పోయిండు. పాత పంపును మామ చేతిల పెట్టిన. ఆ చేతికి ఇంకేమియ్యాలె? ఆదివారం ఆయన దాన్ని తన బండికి బిగించుకున్నడు. ఇప్పుడు డ్యూటీకి నాకంటే ముందే చేరుతున్నడు. గల్లీ మలుపు కాడ హారన్ కొట్టుకుంట నన్ను దాటిపోతడని లచ్చవ్వ చెప్పింది. ఆ మాట కూడా ఆమె మూడోసారి చెప్తే వినపడ్డది.