బాబాయి ముడి

మా బాబాయికి ప్రతిదీ కట్టెయ్యాలి. మందుల సంచి మూతికి ముడి, పంచదార డబ్బా మూతకు ముడి, గేటుకు తాళం వేసినా దాని మీద మళ్లీ తాడు. "మీ బాబాయి కట్టిన మందుల సంచి విప్పేలోగా జ్వరం దానంతటదే పోతుందే" అని పిన్ని నవ్వేది. రేవులో అందరూ ఆయన్ని ముళ్లాయన అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడడు.

ఆయనకున్నది ఒక్క పడవ. చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు విడతకు పన్నెండు మందిని దాటిస్తుంది. దాన్ని ఆయనా మా నాన్నా కలిసి ఏడాదిన్నర పాటు చెక్కారు. నాన్న పోయాక, ఆయన వాటా ఊరికే పోకూడదని బాబాయి నన్ను రేవులో టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టాడు. పదకొండేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ. అరవై దాటిన మనిషి ఇంకో పడవ చెక్కలేడు, ఆయనకు ఇంకో పని రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ముడి వాళ్లే విప్పాలి. ఒకప్పుడు ఎవడో తన పడవకు చోటు కోసం పక్క పడవ తాడు విప్పితే, అది కొట్టుకుపోయి రాళ్లకు తగిలి రెండు ముక్కలైందట. ఆ దెబ్బతో అందరినీ కూర్చోబెట్టి ఆ మాట ఒప్పించింది మా బాబాయే. అప్పటి నుంచి ఇంకొకరి ముడి ముట్టుకోవడమంటే ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడమే. నేను చేరిన కొత్తలో, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు సాయం చేద్దామని తాడు కాస్త సర్దాను. ఇంకేముంది, రేవంతా వినేలా అరిచాడు.

"నీ ముడా అది? చెయ్యి పెట్టేముందు నన్నడిగావా?"

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తరవాత ఆ తాళ్ల జోలికి పోతే ఒట్టు.

ఈసారి వాన అయిదు రోజులు విడవకుండా కురిసింది. ఆరో రోజు పొద్దున గాలి తోడైంది. పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. బాబాయి నాలుగు తాళ్లూ కురచ చేసి, పడవ గుంజలకు అతుక్కుపోయేలా బిగించాడు. గాలికైతే అలాగే కట్టాలి. నీళ్లు పెరిగేటప్పుడు మాత్రం తాళ్లు వదులుతూ పోవాలి, లేకపోతే నీళ్లతో పాటు పడవ పైకి లేవలేదు, ఉన్నచోటే మునిగిపోతుంది. ఇది రేవులో అందరికీ తెలుసు. ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

పదింటికి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి మా వీధిలోకి నీళ్లొచ్చాయని చెప్పింది. పిన్నికి మోకాళ్లు పనిచెయ్యవు. ఆమెను బడి మేడ మీదికి చేర్చాలి.

"అరగంటలో వచ్చేస్తా. గాలి పెరిగితే ఫోన్ చెయ్యి" అన్నాడు బాబాయి.

నీళ్లు పెరిగితే ఏం చెయ్యాలని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ పూట అందరం గాలికే భయపడ్డాం.

ఆయన వెళ్లిన కాసేపటికి గాలి ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. పైనున్న రిజర్వాయరు గేట్లు ఎత్తేశారని మాకు తరవాత తెలిసింది. రేవు మొదటి గుంజ మీద జానెడుకొకటి తెల్లగీతలుంటాయి. పదకొండింటికి ఒక గీత మునిగింది. పావుగంటకు ఇంకోటి. పడవలవాళ్లంతా ఉరుకులు పరుగుల మీద వచ్చి ఎవరి తాళ్లు వాళ్లు వదులు చేసుకున్నారు. మా పక్క పడవ మీసాలన్నది.

"అన్నా, బాబాయి తాళ్లు కూడా కాస్త వదులు చెయ్యవా?" అన్నాను.

"అమ్మో! ముళ్లాయన ముడి నేను ముట్టుకోవాలా? ఆయనొచ్చి నా మీసాలకి ముడేస్తాడు. నువ్వు ఫోన్ చెయ్యి తల్లీ."

అప్పటికి ఎనిమిది సార్లు చేశాను. అందుబాటులో లేదు, అందుబాటులో లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ని కూడా ఏ సంచిలోనో పెట్టి ముడేసి ఉంటాడని తిట్టుకున్నాను.

టిక్కెట్ల కట్టలకున్న దారం కొయ్యడానికి గదిలో ఒక మడత చాకు ఉంటుంది. అది తీసుకుని మోకాటి లోతు నీళ్లలో గుంజ దగ్గరికి వెళ్లాను. తాడు బిగుసుకుపోయి కిర్రుకిర్రుమంటోంది, ముడి వేళ్లకు లొంగేలా లేదు. పడవ ముందు భాగం కిందికి వంగింది. అంచు నీళ్లకు బెత్తెడు పైన ఉంది. చాకు తాడు మీద పెట్టాను కూడా. కోస్తే పడవ కొట్టుకుపోతే? ఆ రాళ్లకే తగిలితే? నీ ముడా అది అంటే ఏం చెప్పను? ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం, ఈలోగా వచ్చేస్తాడు అనుకున్నాను. చాకు మడిచేశాను.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అంచు మీదుగా నీళ్లు లోపలికి దిగాయి. చప్పుడేమీ లేదు. ముందు బల్ల మునిగింది, తరవాత ఇంజను పెట్టె, తరవాత నాన్న చెక్కిన వెనక పీట. మీసాలన్న "అయ్యయ్యో, అయ్యయ్యో" అంటూనే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఎవరో వచ్చి ఆ ఒడ్డుకు పడవ ఉందా అని అడిగితే, లేదండీ అని మామూలుగానే చెప్పాను.

బాబాయి ఒంటిగంటన్నరకు వచ్చాడు, ఛాతీ దాకా బురద. వీధిలో నడుం లోతు నీళ్లలో పిన్నిని వీపున మోసుకెళ్లాడట. నాలుగు గుంజల నుంచి నాలుగు తాళ్లు తిన్నగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే చూశాడు.

"ముట్టుకున్నావా?"

"లేదు బాబాయ్."

"ఊఁ" అన్నాడు. "మీ పిన్నికి టీ కావాలిట. ఫ్లాస్కు ఉందా?" అన్నాడు.

ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు ఆ బడిగదిలోనే ఉన్నాం, మాతో పాటు ఇంకో ఆరు కుటుంబాలు. బాబాయి పెట్టింది తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మందుల సంచి మూతి తెరిచే ఉండేది. పిన్ని అది నాకు కళ్లతో చూపించింది, నవ్వలేదు. నన్ను తిట్టు బాబాయ్, ఆ రోజులా రేవంతా వినేలా తిట్టు అని అడగాలనిపించింది. అడగలేదు.

పదో రోజుకు నీళ్లు తీశాయి. ఇద్దరం రేవుకు వెళ్లాం. పడవ బురదతో నిండి, గుంజలకు తాళ్ల మీద వేలాడుతోంది. అడుగు చెక్కలు నిలువునా చీలిపోయాయి. ఇక అది పడవ కాదని చూడగానే తెలిసిపోయింది. ముళ్లు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. బాబాయి మొదటి ముడి విప్పబోయాడు. తాడు నాని ఉబ్బిపోయింది, వేళ్లు జారుతున్నాయి. గోరు విరిగాక ఆపేశాడు.

"చాకుందా?"

ఆ రోజు నుంచీ అది నా సంచిలోనే ఉంది. తీసి ఇవ్వబోయాను. ఆయన అందుకోలేదు, పక్కకు జరిగాడు.

"కొయ్యి."

"నేనా? అది నీ ముడి బాబాయ్."

"తెలుసు. నువ్వే కొయ్యమ్మా."

బొటనవేలంత లావు తాడు. చాలాసేపు పడుతుందనుకున్నాను. ఆ రోజులాగే బిగుసుకుని ఉంది కదా, రెండు కోతలకే తెగిపోయింది. పడవ ముందు భాగం బురదలోకి దిగబడింది. నా చేతిలో మిగిలిన తాడు కొసను బాబాయి చూశాడు. నేనూ చూశాను.