ఆయన కుడికాలు

మా ఆయన కుడికాలు చివరిదాకా బాగానే పనిచేసింది. ఈ మాట ఆయనకు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే ఇప్పుడు నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బైబిల్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు.

ఆయన లారీ డ్రైవరు. మామిడికాయల కాలం వస్తే నూజివీడులో లోడు ఎత్తుకుని ఎక్కడెక్కడికో వెళ్లి వచ్చేవారు. షుగరు ముదిరి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పటి నుంచి గుమ్మం పక్కన నవారు మంచమే ఆయన లోకం. మా ఇల్లు చాట్రాయి వెళ్లే రోడ్డు మీదే. లోడు లారీ పోతుంటే మాట్లాడుతున్నవారు కాస్తా మాట ఆపి చెవి పెట్టేవారు.

"చూడవే, థర్డు గేరులోకి దించాల్సినోడు ఇంకా ఫోర్తులోనే లాగుతున్నాడు. ఇంజను ఏడుస్తుంటే ఆడికి వినపడట్లా" అనేవారు.

అలా మంచం మీద కూర్చుని ఎవరెవరి లారీలనో తోలేవారు. నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని.

క్లచ్చు లేని కార్లు ఉంటాయని, వాటికి కుడికాలు ఒక్కటి చాలని నాకు చెప్పింది మా తమ్ముడు. వాడు నూజివీడులో ఆటో తోలతాడు. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? బాపులపాడులో ఎరువుల కొట్టు పెద్దాయన ఒకాయన పాత జర్మనీ కారును పాత ఆటో ధరకే ఇచ్చేస్తున్నాడని తెలిసి, ఆయనకు చెప్పకుండా నేనూ తమ్ముడూ వెళ్లాం.

నల్లగా నిగనిగలాడుతూ పెళ్లికొడుకును ఊరేగించే బండిలా ఉంది. తోలు సీట్లు. చెయ్యి వేసి, నా చెమట అంటుకుంటుందేమోనని తీసేశాను. ఆ పెద్దాయన మమ్మల్ని మోసం చేశాడని మాత్రం అనలేను. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అమ్మా, ముందే చెప్తున్నానండీ, తర్వాత నన్ననకండి. దీని గేరుబాక్సు పాడైంది. చల్లగా ఉన్నంతసేపు రాజాలా వెళ్తది. వేడెక్కిందా, ఇంజను అరుస్తది గానీ బండి కదలదు. చల్లారితే మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతది. బాగు చేయించాలంటే ఇప్పుడు మీరిచ్చే డబ్బు చాలదు."

"వద్దులే అక్కా" అన్నాడు తమ్ముడు.

"ఎంత దూరం పోతే వేడెక్కుద్దండీ?" అని నేనే అడిగాను.

"ఊళ్లో తిరిగితే ఏం కాదమ్మా. ఎండలో దూరం తోలితేనే."

ఆయన పోయేదెంత దూరం, చర్చికీ, ఊరి పక్క మామిడితోటకీనే కదా అనుకున్నాను. కాయ కొనేటప్పుడు తొడిమ దగ్గర నొక్కి చూసి మరీ ఏరే దాన్ని, పుచ్చని తెలిసి కొన్నాను. దారిలో తమ్ముడితో, "బావకి గేరుబాక్సు సంగతి చెప్పకు. చెబితే ఎక్కరు" అన్నాను.

ఆయన కారు చుట్టూ చంకకర్రల మీద తిరిగారు. ఎక్కి కూర్చుని, ఖాళీ పాంటు కాలు మడిచి తొడ కింద పెట్టుకున్నారు. బండి కదిలాక చూశాను, ఆ ఎడమ మొండికాలు సీటు మీద చిన్నగా కదులుతోంది. లేని కాలితో లేని క్లచ్చును వెతుకుతున్నారు.

"ఎట్టా ఉందండీ?" అన్నాను.

"క్లచ్చు లేని బండంటే ఉప్పు లేని కూరనుకున్నానే. ఇది పరమాన్నం!"

ఆ ఆదివారం చర్చి దగ్గర అందరికీ చూపించారు. "మా ఆవిడ బేరం ఆడి తెచ్చింది. లారీలు తోలి తోలి నేను కొనలేనిది ఇది కొంది" అని ఎదురైన ప్రతి ఒక్కరికీ చెప్పారు. తమ్ముడు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. నేను నవ్వాను.

ఆ వేసవిలో చిన్నరసం మామిడికాయలు దిగాక, చింతలపూడిలో ఉన్న మా ఆడపడుచుకు కాయలు ఇచ్చి వద్దామన్నారు. "ఎండగా ఉందండీ, బస్సులో పంపిద్దాం" అన్నాను.

"ఇంత బండి పెట్టుకుని బస్సులో పంపిస్తే మా చెల్లి నవ్వుద్దే" అని డిక్కీలో గడ్డి పరిపించి కాయలు సర్దించారు.

వెళ్లేటప్పుడు పొద్దున్నే చల్లగా వెళ్లాం. వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం. చాట్రాయి ఇంకా రాకముందే ఒక ఎత్తు మీద ఇంజను ఒక్కసారిగా అరిచింది. బండి కదలలేదు. ఆయన ఇంకా తొక్కారు. ఇంకా అరిచింది. మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. మా వెనక లోడు లారీ. దాని హారను నా వీపులో మోగింది. ఆయన బ్రేకు తొక్కి ఆపారు. లారీవాడు దిగి వచ్చి, "ఏంటి బాబాయ్, పెద్ద బండి ఎక్కేసరికి కళ్లు నెత్తికెక్కాయా?" అని అరిచి, కర్రలు చూసి, లారీ పక్కకు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన ముఖం నిండా చెమట. తలుపు తీసి, చెప్పు విప్పి, కుడి అరికాలిని చేత్తో తడుముకున్నారు.

"క్లచ్చు లేని బండి గొంతు నాకింకా పట్టుబడలేదు, ఎంత తొక్కానో నాకే తెలియలేదే. కాలు మొద్దుబారింది. ఇది కూడా పోతోందా ఏంటి?"

అప్పుడు చెప్పాలి. కాలు కాదండీ, గేరుబాక్సు అనాలి. నాలుక మీదకు వచ్చింది కూడా. కానీ ఆయన మా ఆవిడ బేరం, మా ఆవిడ బేరం అని ఊరంతా చెప్పుకున్నారు కదా. నువ్వు కూడా నన్ను కుంటోణ్ణి చేసి ఆడించావా అంటారని భయం వేసింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన స్టీరింగు పట్టుకున్న రోజు నుంచి నాకు ప్రాణాలు అరచేతిలో ఉండేవి. ఇక మానేస్తారులే అని లోపల ఎక్కడో ఊరట కలిగింది.

"అవునేమోనండీ" అన్నాను.

ఆ ఒక్క మాటే. బండి చల్లారాక ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చింది. దాంతో లోపం బండిది కాదు, తన కాలిదేనని ఆయనకు ఖాయమైపోయింది. ఆయన తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున కళ్లు మూసుకుని, "పిన్నీసుతో అరికాలు గుచ్చవే, ఎక్కడో చెప్తా" అన్నారు. గుచ్చాను. మడమ అన్నారు, సరిపోయింది. వేలి కింద అన్నారు, సరిపోయింది. ఒక్కచోట చెప్పలేకపోయారు. ఆ ఒక్కటే పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ కాలి మీద బరువు వెయ్యలేదు. కర్రలు మూలన పడ్డాయి. మంచం మీద నుంచి కుర్చీలోకి దించాలన్నా నేను రావాల్సి వచ్చింది.

"అక్కా, బావకి చెప్పెయ్. నడిచే మనిషిని కూర్చోబెట్టేశావ్" అన్నాడు తమ్ముడు.

"ఆదివారం కానీరా, చెప్తా" అన్నాను.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవమంటే ఆయన బరువంతా చేతుల మీద వేసి బల్ల పట్టుకుని లేచారు. "నా కుడికాలు కూడా చచ్చిపోతోందని దేవుడు ముందుగానే చూపించాడు. ఆ ఎత్తు మీద ఆపాడు. లేకపోతే ఈ కాలితో ఎవరి బిడ్డనో చంపేసేవాణ్ణి" అని ఏడ్చారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

దేవుడి ముందు చెప్పిన సాక్ష్యాన్ని ఇంటికి వచ్చి అబద్ధమని ఎలా అనను? తమ్ముడు ఇక ఆ మాట ఎత్తలేదు. చివరికి కిడ్నీలు పాడై ఆయన పోయారు. పెట్టెలో పెట్టేముందు నేనే ఒళ్లు తుడిచాను. కుడి అరికాలు మెత్తగా ఉంది, చిన్న పుండు కూడా లేదు.

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. చెంగు నోట్లో కుక్కుకోకుండా గట్టిగానే చెప్పాను.

"ఆయన కాలు బాగానే ఉందండీ. కారే బాగాలేదు. నాకు తెలుసు."

అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారే స్తోత్రం అన్నారు. తమ్ముడొక్కడే తలెత్తలేదు.

భోజనాల దగ్గర పక్కింటి ముసలామె నా పక్కకు జరిగి అడిగింది, "ఏంటమ్మా, కారు అమ్ముతున్నావా?"

"లేదత్తా" అన్నాను.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. చల్లటి పూట ఎప్పుడు తాళం తిప్పినా స్టార్టవుతుంది.