మధ్యవేలు నాలుగు

మా మామయ్యను బయట అందరూ ‘ఒకటీ సున్నా మాస్టారు’ అనేవారు. రేడియోలు, టీవీలు బాగుచేయడం నేర్పే బడిలో ఆయన బైనరీ లెక్కలు చెప్పేవారు. ఆ లెక్కల్లో ఒకటి, సున్నా తప్ప వేరే అంకె ఉండదు. ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా వేసి, ఒకటి పక్కకు పంపాలి. పిల్లలకు అది తలకెక్కకపోతే సుద్దముక్క కింద పెట్టి చెయ్యి ఎత్తేవారు. ముడిచిన వేలు సున్నా. లేపిన బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు నాలుగు. మూడంటే బొటనవేలూ చూపుడువేలూ. దానికి ఒకటి కలిపితే ఆ రెండూ ముడుచుకుని మధ్యవేలు ఒక్కటే లేస్తుంది.

నేను కోడలిగా వచ్చేసరికి ఇంట్లోనూ అదే వరస. టీలో రెండు చెంచాల చక్కెర కావాలంటే చూపుడువేలు చూపించేవారు. అత్తయ్య కావాలనే ఒక్క చెంచా వేసేది. వేలికో చెంచా, నాకు వచ్చిన లెక్క ఇంతే అనేది. ఆయన ఆ చప్పటి టీ తాగేసేవారు.

పక్షవాతంతో ఆయనకు కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆయన పెట్టిన సెలవు అయ్యేలోగా డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే కూర్చుని పిల్లల లెక్కలు దిద్దే పని ఇస్తామని, లేదంటే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్లు చెప్పారు. అప్పటినుంచి ఆయన పొద్దున్నే చొక్కా తొడిగించుకుని కూర్చునేవారు. మా చంటిపాప తుమ్మితే కంగారుపడే నాకు ఈ విషయంలో కంగారు కూడా రాలేదు. పాలసీసాలు మరిగించాను, రిపోర్టులు సర్దాను, వాళ్ల వెంట ఆస్పత్రికి వెళ్లాను.

డాక్టరు కళ్లు మూయమన్నాడు, ముక్కు ముట్టుకోమన్నాడు. మామయ్య అన్నీ చేశారు. తర్వాత, మూడూ ఒకటీ ఎంతో వేళ్లతో చూపించమన్నాడు. మామయ్య ఎడమచేతి మధ్యవేలు ఒక్కటే లేపారు. డాక్టరు కాగితం మీద అడ్డగీత కొట్టాడు.

“అది తప్పు కాదు బాబూ,” అంది అత్తయ్య. “ఆయన నాలుగు అలాగే చూపిస్తారు. కావాలంటే మా కోడల్ని అడుగు.”

నేను వివరించాను. డాక్టరు ఓపిగ్గా విన్నాడు. ఇందాకటి అడ్డగీతను కొట్టేసి, ఈసారి అందరిలా లెక్కపెట్టి చూపించమన్నాడు.

మామయ్య తన చేతికేసి చూసుకున్నారు. బొటనవేలు, చూపుడువేలు లేపారు. కాసేపు ఆగారు. రెండూ ముడిచి మధ్యవేలు లేపారు.

“మామయ్యా, మామూలుగా. వేలికి ఒకటి,” అన్నాను.

ఆయన తల ఊపారు. మళ్లీ మధ్యవేలే లేచింది. అత్తయ్య ఆయన పక్కన తన నాలుగు వేళ్లు పెట్టి చూపించింది. ఆయన వాటిని చూశారు. మధ్యవేలు మాత్రం దించలేదు.

“లెక్క పోలేదమ్మా,” అన్నాడు డాక్టరు. “కానీ ఒక దారిలోంచి ఇంకో దారికి మారలేకపోతున్నారు. పిల్లలు అడ్డదిడ్డంగా ఎన్నో అడుగుతారు. ఇప్పుడే పనికి పంపలేం.”

అత్తయ్య సరేనంది. బయటికొచ్చాక బడివాళ్లకు నేనే ఫోన్ చేసి, వేరే మనిషిని చూసుకోమని చెప్పాను. అవతలాయన అయ్యో అన్నాడు. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను. మామయ్య ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతున్నారు.