మూడో పందెంలో మూడో గుర్రం

మొన్న మా మేనమామను చూడటానికి గురజాల బయల్దేరాను. బస్సులో పక్కాయన రేసు పుస్తకం ఒళ్లో పరుచుకుని, పెన్సిలుతో గుర్రాల పేర్ల పక్కన చుక్కలు పెడుతున్నాడు. ఒక పందెంలో రెండు, ఇంకోదాంట్లో మూడు. నన్నెవరూ అడగకపోయినా నోట్లో ఎక్కాలు తిరగడం మొదలుపెట్టాయి. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ ఎక్కాలు మామయ్య కోసం సొంతంగా నేర్చుకున్నవి. ఆయనకు ఒకప్పుడు బండలాగుడు పోటీలకు దించే ఎడ్ల జత ఉండేది. వరసగా మిరప దెబ్బతింటే అమ్ముకున్నాడు. మళ్లీ ఒక కోడెల జత కొనాలన్నదే ఆయన యావ. వేరే దారి కనపడక, అత్తయ్య ఇచ్చే అయిదొందలతో, నన్ను వెంటేసుకుని నెలకోసారి హైదరాబాదు రైలెక్కేవాడు. పందేనికి ముందు గుర్రాలను నడిపించే చోట కంచె పట్టుకుని నిలబడి, ఎడ్లను చూసినట్టే గిట్టలూ ఊపిరీ చూసేవాడు. "పళ్లు చూడనియ్యరేందిరా వీళ్లు? వయసెట్టా తెలుస్తది?" అని విసుక్కునేవాడు. వయసు పుస్తకంలో వేశారని నేనంటే, "అచ్చేసినోడు నోరు తెరిచి చూశాడా ఏంది" అనేవాడు.

జాక్‌పాట్ అంటే వరసగా అయిదు పందేల్లో గెలిచే గుర్రాలను ముందే చెప్పడం. పందేనికి ఒకటికంటే ఎక్కువ రాసుకోవచ్చు గానీ, రాసినకొద్దీ టిక్కెట్టు ధర గుణించుకుంటూ పోతుంది. ఒకసారి అలా వెళ్లినప్పుడు నేను రెండు, రెండు, మూడు, రెండు, రెండు రాశాను. నలభై ఎనిమిది వరసలు, వరసకు పది చొప్పున నాలుగొందల ఎనభై. టిక్కెట్ల కిటికీ మూసే వేళకు మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఆఖరి పందెంలో ఆ ఎర్రదాన్ని గూడా ఎయ్యి. పోయిన నెల ఓడిందే, అది. ఓడినా రొప్పలేదురా, దమ్ము దాచుకుంది." అది వేస్తే ఏడొందల ఇరవై. "డబ్బు చాలదు మామయ్యా" అన్నాను. నిజమే. కానీ మూడో పందెంలో ఒకదాన్ని తీసేస్తే మళ్లీ నాలుగొందల ఎనభైకే వస్తుందన్నదీ నిజమే. అది నాకు అక్కడే, అప్పుడే తట్టింది. అయితే ఆ మూడో పందెంలో మూడో గుర్రం పాత ఫలితాలన్నీ తిరగేసి నేను కనిపెట్టిన గుర్రం. ఆ దారి ఉందని మామయ్యకు చెప్పలేదు. మామయ్య జేబులు తడుముకున్నాడు. తిరుగు రైలు ఖర్చు తప్ప ఏమీ లేదు. "సర్లే, లెక్కకు ఎదురు చెప్పగలమా" అని పక్కకు జరిగాడు.

మొదటి నాలుగు పందేలూ మా టిక్కెట్టులో ఉన్న గుర్రాలే గెలిచాయి. మూడోదాంట్లో నా గుర్రం అందరికంటే వెనక వచ్చింది. గెలిచింది మిగతా రెంటిలో ఒకటి. అయిదో పందెం ఎర్రది గెలిచింది. "చూశావా, నే చెప్పలా" అని మామయ్య నవ్వాడు, సొంత ఎద్దు గెలిచినంత సంబరంగా. టిక్కెట్టు సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. రైల్లో నా భుజం తట్టి, "డబ్బు లేకపోతే నువ్వేం జేస్తావురా" అన్నాడు.

ఆరోజు అందాల్సిన సొమ్ముకు మంచి కోడెల జత వచ్చి పలుపుతాళ్లకూ మిగిలేది. ఆ తర్వాత ఆయన అత్తయ్యను అయిదొందలు అడగలేదు. బండలాగుడు జరిగే చోట జనంలో నిలబడి, "ఆరోజు ఇంకో రెండొందల ఇరవై ఉంటేనా" అని పక్కవాళ్లతో అంటాడు. "మావోడు లెక్కలో చానా గట్టోడు" అని కూడా కలుపుతాడు.

మొన్న స్టాపు దాటి దిగి వెనక్కి నడుస్తూ, ఈసారి ఆ మూడో గుర్రం సంగతి చెప్పేద్దామనే అనుకున్నాను. మామయ్య గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఇంత ఆలస్యమేందిరా?" స్టాపు దాటిపోయానన్నాను. "అన్ని ఎక్కాలు వచ్చినోడివి, ఊళ్లు లెక్కబెట్టుకోలేవా" అని నవ్వి, కుర్చీ నావైపు జరిపాడు. కూర్చున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట చెప్పడం తేలికవుతుందనుకునేవాణ్ణి. ఏడాదికేడాది దాని ధర కూడా ఆ టిక్కెట్టు లాగే గుణించుకుంటూ పోతోంది.